భూమి నీవిస్‌లో, మేడ బ్రిస్టల్‌లో

జూన్ 29, శనివారం – బ్రిస్టల్ (ఇంగ్లండ్), గ్రేట్ జార్జ్ స్ట్రీట్

పార్క్ స్ట్రీట్ ఎక్కడమంటే చిన్న కొండ ఎక్కడమే. సగం దూరం పోయి ఎడమకి తిరిగితే గ్రేట్ జార్జ్ స్ట్రీట్, అందులో ఏడో నంబరు ఇల్లు. ఊళ్ళో జార్జియన్ హౌస్ అంటారు, ఇప్పుడది మ్యూజియం. టికెట్ లేదు. గుమ్మం దగ్గర చందాల పెట్టె ఉంది, తోచింది వెయ్యొచ్చు. మా అమ్మాయి ఐదు పౌండ్ల నోటు వేసింది. అలవాటు కొద్దీ నేను రూపాయల్లోకి మార్చి, పైకేమీ అనకుండా లోపలికి నడిచాను.

1790 ప్రాంతంలో జాన్ పిన్నీ అనే చక్కెర వ్యాపారి కట్టించుకున్న ఇల్లు ఇది. విలియం పాటీ ప్లాను గీశాడు. బయట లేత పసుపు రాయి, ఆర్భాటమేం లేదు. లోపల అంతా కొలత ప్రకారం ఉంటుంది. భోజనాల గది, చదువుకునే గది, పడక గదులు, కింద వంటిల్లు, పనివాళ్ళని పిలిచే గంటలు. అన్నిటికంటే అడుగున నేలమాళిగలో చన్నీళ్ళ తొట్టి ఉంది. ఆయన పొద్దున్నే అందులో మునిగేవాడట. మా ఆవిడ ఆ నీళ్ళ కేసి చూసి, "శీతాకాలం కూడానా? ఈ దేశంలోనా?" అంది. అక్కడ కాపలా కూర్చున్న పెద్దావిడకి భాష తెలియకపోయినా ప్రశ్న అర్థమైంది. "ఏడాది పొడుగునా" అని నవ్వింది.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఊరు అనకాపల్లి. చిన్నప్పుడు గానుగ దగ్గర వేడి పాకం ఆకులో పోయించుకుని తిన్నవాణ్ణి. చెరకు గురించి, భూమి పత్రాల గురించి ఎక్కడ ఏ ముక్క కనిపించినా ఆగి చదువుతాను. పిన్నీ గురించి అల్లుడు గారు చెప్పినప్పటి నుంచీ ఈ ఇల్లు చూడాలని ఉంది. మా ఆవిడ తమ్ముడి కొడుకు నీవిస్ దీవిలో మెడిసిన్ చదువుతున్నాడు. మన పిల్లలు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడ్డ వాళ్ళ పిల్లలు, కరీబియన్ దీవుల్లో డాక్టరీ చదవడం ఇప్పుడు మామూలే. పిన్నీ చెరకు తోటలు ఉన్నది సరిగ్గా ఆ దీవిలోనే. ఇల్లు ఒక చోట, భూములు ఒక చోట. రెండూ ఒకే ప్రయాణంలో చూడాలనుకున్నాం.

ఈ ఆస్తి కథ ఒక శిక్షతో మొదలవుతుంది. 1685లో మన్మత్ డ్యూక్ రాజు మీద తిరగబడ్డప్పుడు ఆ పక్షాన నిలిచిన అజరయా పిన్నీ అనే కుర్రాడు పట్టుబడ్డాడు. ఇంటివాళ్ళు డబ్బు కట్టి ఉరి తప్పిస్తే దేశం వదిలి నీవిస్ చేరాడు. అక్కడ వ్యాపారం చేశాడు, భూమి కొన్నాడు. ఆ వంశంలో ఆఖరివాడు 1762లో పిల్లల్లేకుండా పోతే జాన్ ప్రీటర్ అనే బంధువు ఇంటిపేరు పిన్నీగా మార్చుకుని వారసుడయ్యాడు. ఈ ఇల్లు కట్టించిన జాన్ పిన్నీ ఇతనే. దత్తు పోవడం మనకి కొత్త కాదు. భూమి కోసం ఇంటిపేరు మారడమూ కొత్త కాదు.

1764లో ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆస్తి చూసుకోవడానికి దీవికి వెళ్ళాడు. అప్పులున్నాయి, తోటలు పాడుబడి ఉన్నాయి. పక్క దీవి సెయింట్ కిట్స్‌లో తొమ్మిది మంది ఆఫ్రికన్లని కొన్నాడు. ఆ సంగతి ఇంటికి రాస్తూ, మనుషుల్ని అమ్మకానికి నిలబెట్టడం మొదటిసారి చూసి అదిరిపోయానన్నాడు. ఆ వెంటనే, దేవుడు వీళ్ళని మన వాడుక కోసమే పుట్టించి ఉంటాడు, లేకపోతే ఏదో ఒక సూచన పంపేవాడు కదా అన్నాడు. మనస్సాక్షి ఒక వాక్యంలో లేచి రెండో వాక్యంలో పడుకుంది.

మరుసటి ఏడు పన్నెండేళ్ళ కుర్రాణ్ణి, వాడి ఇద్దరు చిన్న చెల్లెళ్ళతో సహా కొన్నాడు. పిల్లవాడి పేరు పీరో. చెల్లెళ్ళు నాన్సీ, షీబా. పీరోకి క్షౌరం పని నేర్పించి తన సొంత నౌకరుగా పెట్టుకున్నాడు. 1783లో పిన్నీ కుటుంబం దీవి విడిచి ఇంగ్లండ్ వచ్చేసినప్పుడు పీరో కూడా వచ్చాడు, చెల్లెళ్ళు అక్కడే ఉండిపోయారు. పిన్నీ కుటుంబంతో ఫ్యానీ కోకర్ అనే అమ్మాయి కూడా వచ్చింది. కుట్టుపని చేస్తూ పిల్లల్ని చూసుకునేది. ఆమెని పిన్నీ 1778లోనే విడుదల చేశాడు. పీరోని మాత్రం చెయ్యలేదు. ఇంత మేడలో, చివరిదాకా, 1798లో చనిపోయేదాకా, అతను బానిసే.

పై అంతస్తులో అతని గురించి చిన్న ప్రదర్శన ఉంది. ఇంత వివరంగా ఎలా తెలిసిందంటే కారణం పిన్నీయే. ఆయన ఏ కాగితమూ పారెయ్యలేదు. ఉత్తరాలు, చిట్టాలు, బీమా, తనఖాలు అన్నీ ఇప్పుడు బ్రిస్టల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. మా అడంగల్లో సర్వే నంబరు పక్కన పంటా, నీటి ఆధారమూ రాసినట్టు, ఆయన చిట్టాల్లో మనిషి పేరు పక్కన పనీ, ధరా రాసి ఉంటాయి. మనుషుల్ని ఆస్తి కింద జమ కట్టినందువల్లే నాన్సీ, షీబా పేర్లు మనదాకా వచ్చాయి. ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మాయి కింద నుంచి ఫోన్ చేసింది, పార్కింగ్ టైం అయిపోతోందని.

జూన్ 30, ఆదివారం – రేవు

బ్రిస్టల్ పాత రేవు మీద ఒక కాలినడక వంతెన ఉంది, రెండు పెద్ద కొమ్ముబూరలు ఆకాశంలోకి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. పేరు పీరోస్ బ్రిడ్జ్. 1999లో తెరిచారు. కమ్మీల నిండా ప్రేమికుల తాళాలు. మేం ఉన్న కాసేపట్లో ఇద్దరు ముగ్గురిని "పీరో ఎవరు?" అని అడిగాను. ఒకాయన ఇటలీ చిత్రకారుడు కావచ్చన్నాడు. ఒక కాలేజీ పిల్ల మాత్రం గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. బడిలో నేర్పారట.

2020 జూన్ 7న బానిస వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం కూలదోసి దొర్లించుకొచ్చి నీళ్ళలో పడేసింది ఇక్కడే. ఆ విగ్రహం ఇప్పుడు ఎం షెడ్ మ్యూజియంలో వెల్లకిలా పడుకుని ఉంది, ఒంటి మీద రంగులు అలాగే ఉంచారు. అది కూడా ఉచితమే. పిల్లలు దాని చుట్టూ పరిగెడుతున్నారు.

అక్కణ్ణుంచి కాలేజ్ గ్రీన్‌కి నడిస్తే రాజా రామ్మోహన్ రాయ్ నిలువెత్తు కంచు విగ్రహం. ఆయన పోయింది ఈ ఊళ్ళోనే, 1833 సెప్టెంబర్ 27న. దానికి సుమారు నెల ముందు బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. ఆ చట్టం కింద 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించారు. యజమానులకి! "ఆస్తి" పోయినందుకు. పిన్నీ కొడుకు చార్ల్స్ పిన్నీ కూడా పుచ్చుకున్నాడు. ఆయన 1831లో ఈ ఊరి మేయరు. విడుదలైన వాళ్ళకి ఒక్క పెన్నీ లేదు, పైగా అప్రెంటిస్‌లన్న పేరుతో 1838 దాకా అదే యజమానికి చాకిరీ. భూసేకరణ పరిహారాల కాగితాలు చాలా చూశాను గానీ, ఇలాంటి పరిహార ఉత్తర్వు ఎక్కడా చూడలేదు. తోటల్లో చేతులు తక్కువై అటుపైన మనవాళ్ళని ఓడలెక్కించారు. మా వైపు కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళిన వాళ్ళ కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది. అది వేరే వ్యాసం.

మధ్యాహ్నం మా అమ్మాయి ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ. సాయంత్రం టీలో చక్కెర వేసుకుంటుంటే అల్లుడు గారు నా కేసి చూసి ఏదో అనబోయి మానేశారు.

జులై 3, బుధవారం – బాసెటేర్ నుంచి చార్ల్స్‌టౌన్

సెయింట్ కిట్స్ ముఖ్యపట్టణం బాసెటేర్‌లో పడవెక్కితే ముప్పావుగంటలో నీవిస్‌లోని చార్ల్స్‌టౌన్. టికెట్ ముప్పై ఈసీ డాలర్లు. ఈసీ అంటే తూర్పు కరీబియన్ డాలరు, అమెరికా డాలరుకి 2.70, ఎన్నో ఏళ్ళుగా అదే రేటు. మన డబ్బుల్లో ఒక్కోటి ముప్పై రూపాయల పైచిలుకు. పడవలో సిమెంటు బస్తాలు, గుడ్ల అట్టలు, టీవీ పెట్టె, స్కూలు యూనిఫాం పిల్లలు. ఎదురుగా ఒకే ఒక కొండ, నెత్తిన మబ్బు. దీవి అంటే ఆ కొండే, చుట్టూ అంచుకి జనం. 93 చదరపు కిలోమీటర్లు, పన్నెండు వేల పైన మనుషులు.

మా మేనల్లుడు రేవులో నిలబడి ఉన్నాడు. కాళ్ళకి దణ్ణం పెట్టబోయి సూట్‌కేసు అడ్డొచ్చి మానేశాడు. దిగగానే మాకు చెప్పిన మొదటి పాఠం: "మావయ్యా, ఇక్కడ ఎవరినైనా ఏదైనా అడిగే ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పకపోతే జవాబు రాదు." నిజమే. వ్యాను బస్సు ఎక్కుతూ ప్రతివాళ్ళూ లోపలున్న అందరికీ వినపడేలా చెబుతారు, అందరూ తిరిగి చెబుతారు. చీకటి పడ్డాక ఎక్కితే గుడ్ నైట్. అది వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు! మా ఆవిడకి ఇది బాగా నచ్చేసి రెండు రోజుల్లో ఊరందరికీ చెప్పడం మొదలెట్టింది.

రాత్రి ఒక ఇంటి వరండాలో నడిపే హోటల్లో వేయించిన చేప, సీమపనస ముక్కలు, అన్నంలో కందులు. అవును, కందులే. పక్కన పసుప్పచ్చ పెప్పర్ సాస్. సీసా వాసన చూసి మా ఆవిడ "గోంగూరలోకి పనికొస్తుంది" అని తేల్చింది.

జులై 4, గురువారం – చార్ల్స్‌టౌన్

ఊరు నడిస్తే అరగంటలో అయిపోతుంది. కింది అంతస్తు రాయి, పై అంతస్తు చెక్క ఉన్న ఇళ్ళు. వీధుల్లో తురాయి చెట్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. రోడ్ల మీద మేకలు తిరుగుతుంటాయి. కొన్ని గొర్రెలట. ఉన్ని ఉండదు, చూడ్డానికి మేకే. తోక పైకుంటే మేక, కిందికుంటే గొర్రె అని టీ కొట్టు ఆయన చెప్పాడు.

అమెరికా పది డాలర్ల నోటు మీదుండే అలెగ్జాండర్ హామిల్టన్ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ చోట సముద్రం ఒడ్డున రాతి ఇల్లు తిరిగి కట్టారు. కింద మ్యూజియం, పైన దీవి శాసనసభ కూర్చుంటుంది. మెట్లెక్కే చోట ఒక సభ్యుడు ఫోన్‌లో ఎవరితోనో రోడ్డు గుంతల గురించి వాదించుకుంటున్నాడు. మన జిల్లా పరిషత్తు గుర్తొచ్చి ప్రాణం కుదుటపడింది.

అక్కడికి దగ్గర్లోనే పాత బానిసల సంత స్థలాన్ని గుర్తు చేసే బోర్డు ఉంది. పక్కనే కార్లు ఆపుకున్నారు, ఒకావిడ మామిడిపళ్ళు అమ్ముతోంది. మూడు పళ్ళు ఐదు ఈసీ. జులై కదా, దీవంతా మామిడే.

ఈ ఊరి సంత వీధిలో 1810 జనవరి 23న జరిగింది చెప్పాలి. పిన్నీ బ్రిస్టల్‌లో కూర్చుని రెండు దశాబ్దాలకి పైగా తోట నడిపించి 1808లో మౌంట్‌ట్రావర్స్ అనే ఆ తోటని మనుషులతో సహా ఎడ్వర్డ్ హగ్గిన్స్ కుటుంబానికి అమ్మేశాడు. హగ్గిన్స్ చెయ్యి ఎంత దురుసో దీవిలో అందరికీ తెలుసు, పిన్నీకీ తెలుసు. కొత్త యజమాని రాత్రిపూట కూడా పెంట గంపలు మొయ్యమన్నాడు. చెరకు గుంతలకి పశువుల పెంట తల మీద మోసి పొయ్యడం ఆ పనులన్నిటిలోకీ అసహ్యమైనది. వాళ్ళు ఎదురు తిరిగారు. హగ్గిన్స్ వాళ్ళని ఊళ్ళోకి నడిపించుకొచ్చి మేజిస్ట్రేట్ల కళ్ళెదుటే కొరడాలతో కొట్టించాడు. ఒక మగమనిషికి 365 దెబ్బలు, ఒక ఆడమనిషికి 291. కేసు నడిచింది. నిర్దోషి అన్నారు.

ఈ సంగతి లండన్ దాకా చేర్చినవాడు జేమ్స్ వెబ్ టోబిన్. పిన్నీ వ్యాపార భాగస్వామి జేమ్స్ టోబిన్ కొడుకే. తండ్రి బానిసత్వాన్ని సమర్థిస్తూ పుస్తకాలు అచ్చేయించినవాడు. చూపు దాదాపు పోయిన కొడుకు ఈ దీవికొచ్చి ఆ లెక్క రాసి పంపాడు. ఇంగ్లండ్‌లో కూర్చున్న పిన్నీ కొడుకులైతే కవి వర్డ్స్‌వర్త్‌కి తండ్రి పల్లెటూరి ఇల్లు ఊరికే ఇచ్చి ఉండమన్నారు, తండ్రికి చెప్పకుండా! ఆ ఇళ్ళల్లో భోజనాల దగ్గర మాటలు ఎలా నడిచేవో ఊహించుకోవచ్చు.

మధ్యాహ్నం ఉప్పుచేప కూర, కొబ్బరి వేసిన ఉండలు, కారం వేసిన అరటి. ఉత్తర సముద్రాల్లో పట్టి ఉప్పేసి పీపాల్లో దింపిన చేపే ఆ రోజుల్లో బానిసలకి రేషను. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలై ఓడలు ఆగిపోతే ఈ దీవుల్లో కరువొచ్చింది. నేలంతా చెరకే, తిండి పండించే చోటు లేదు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడా చేపే ఆదివారం ఫలహారం. వండినావిడ ఎలా ఉందో చెప్పేదాకా బల్ల దగ్గర నుంచి కదల్లేదు. ముగ్గురికి 75 ఈసీ.

సాయంత్రం ఊరి చివర వేడినీటి బుగ్గ. పైన 1778లో దొరల కోసం కట్టిన బాత్ హోటల్ భవనం, కింద వాగులో ఊరివాళ్ళు మెడలోతు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. ఉచితం. మా ఆవిడ కాళ్ళు పెట్టి "అమ్మో" అని తీసేసింది. ఒక ముసలాయన, "నెమ్మదిగా, ఒక్కో వేలు" అని దగ్గరుండి నేర్పించాడు.

జులై 5, శుక్రవారం – మౌంట్‌ట్రావర్స్

టాక్సీ మాట్లాడుకున్నాం. డెబ్బై దాటిన డ్రైవరు, గంటకి ముప్పై అమెరికా డాలర్లు. పిన్నీ తోట ఇల్లు ఎక్కడో మీకు తెలుసా అంటే, "చిన్నప్పుడు మామిడికాయలకి అక్కడికే పోయేవాళ్ళం" అన్నాడు. అది ప్రైవేటు స్థలం. ఆయన ఎవరికో ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాడు. ఆ ఫోన్‌లో మొదటి మూడు నిమిషాలు అవతలివాళ్ళ తల్లి మోకాళ్ళ నొప్పి గురించే.

మా వాడు ఫోన్‌లో మ్యాప్ పెట్టి దారి చెప్పాడు. అది మమ్మల్ని తీసుకెళ్ళి రిసార్టు వెనక గోల్ఫ్ మైదానంలో నిలబెట్టింది. కాపలావాడు గుడ్ మార్నింగ్ చెప్పి, మేం చెప్పేదాకా ఆగి, వెనక్కి పొమ్మన్నాడు. "ఫోన్‌కి దారి తెలుసు, గేటు ఎవరిదో తెలియదు" అని డ్రైవరు మా వాణ్ణి ఆ రోజంతా ఆటపట్టించాడు. తర్వాత ఇంకో దారిలో కొంత దూరం వెళ్ళాక రోడ్డు ఒక ఎండు వాగులో కలిసిపోయింది. కారు దిగి నడిచాం.

అడవి. చింత, మామిడి, పేరు తెలియని తీగలు. గురివింద గింజలు రాలి ఉంటే మా ఆవిడ కొంగున మూట కట్టింది. కోతులు పైనుంచి తిన్నంత తిని మిగతాది మా మీద పడేస్తున్నాయి. వీటి తాతలూ ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చినవే. ఇప్పుడు దీవిలో రైతులకి పెద్ద తలనొప్పి. డ్రైవరు వాటిని తిట్టిన తిట్లు మా వాడు అనువదించలేదు.

ఒక మలుపు తిరగ్గానే గోడ. నల్లరాయి, సున్నం దర్జు, చేతితో చెక్కిన అంచులు. వంపు తిరిగిన గుమ్మం, మెట్లు, పెద్ద నీళ్ళ తొట్టి. పైకప్పు లేదు. గోడల నడుమ చెట్లు పైకి లేచిపోయాయి. టేపు లేక అడుగులతోనే కొలిచాను, ఉద్యోగం వదిలినా చేతులు ఊరుకోవు. బ్రిస్టల్ మేడలో ఒక అంతస్తుకి సరిపోయేంత ఉందేమో, అంతే. అక్కడ కుర్చీ కాలు కూడా చెక్కు చెదరకుండా ఉంది. చెరకు నరికిన చోట, బెల్లం వండిన చోట, మనుషులు పుట్టి చచ్చిన చోట మిగిలింది ఇది. పనివాళ్ళ గుడిసెలు రాతివి కావు కాబట్టి అదీ లేదు.

గోడ మీద కూర్చుని పిన్నీ పద్ధతి గురించి మా వాడికి చెప్పాను. భూమి కొని ధనవంతుడైనవాడు కాదతను. భూమి మీద అప్పిచ్చి అయినవాడు. బ్రిస్టల్ చేరాక టోబిన్‌తో కలిసి కంపెనీ పెట్టి, ఈ దీవుల తోటల యజమానులకి తనఖా మీద అప్పులిచ్చాడు. షరతు ఏమిటంటే వాళ్ళ చక్కెర తన ద్వారానే అమ్మాలి. వడ్డీ వస్తుంది, కమీషన్ వస్తుంది, తీర్చలేకపోతే తోటే వస్తుంది. తోటంటే అందులో మనుషులు కలిపే. వచ్చిన తోటని ఇంకొకడికి మళ్ళీ అప్పు మీదే అమ్మొచ్చు. 1818లో పోయేనాటికి ఆస్తి సుమారు 3,40,000 పౌండ్లు. మా తాలూకాలో పంట మీద అప్పిచ్చే దళారులు బెల్లం తమ కొట్లోనే తుయ్యాలనడం నేను ఎరుగుదును గనక ఇదంతా తేలిగ్గానే అర్థమైంది. ఆ తేలిక నాకు నచ్చలేదు.

"మరీ అంత క్రూరుడు కాదన్నమాట?" అన్నాడు మా వాడు. హగ్గిన్స్‌తో పోలిస్తే కాదు. ఉత్తరాల్లో మేనేజర్లకి మందలింపులు ఉంటాయి, మనుషుల్ని మరీ హింసించొద్దని. పశువుల్నీ బాగా చూసుకోమని అదే ఉత్తరాల్లో రాసేవాడు. అమ్మేటప్పుడు మాత్రం ధర చూశాడు, కొనేవాడి చెయ్యి చూడలేదు. నాకు కోపం వచ్చేది హగ్గిన్స్ కంటే ఇతని మీదే. ఎందుకంటే తన సంతకం ఏం చేస్తుందో తెలిసి చక్కటి దస్తూరీతో సంతకం పెట్టే మనిషిని ఆఫీసుల్లో చూశాను.

డ్రైవరు అంతసేపూ ఏం మాట్లాడలేదు. చివరికి, "ఇక్కడి వాళ్ళ పేర్లు కాగితాల్లో ఉన్నాయంటారా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. 1817 నుంచి ప్రభుత్వం బానిసలందరినీ రిజిస్టర్లలో రాయించిందనీ, అంతకు ముందువి పిన్నీ చిట్టాల్లో దొరుకుతాయనీ చెప్పాను. ఆయన తన నాయనమ్మ పుట్టింటి పేరు ఒక కాగితమ్ముక్క మీద రాసి మా వాడికిచ్చాడు, వెతికి పెట్టమని. తిరుగు ప్రయాణానికి డబ్బు పుచ్చుకోనన్నాడు. బలవంతం మీద సగం తీసుకున్నాడు.

జులై 6, శనివారం – జింజర్‌లాండ్ వైపు

శనివారం గోట్ వాటర్ రోజు. మేకమాంసం పులుసు, లవంగాల ఘాటు, అందులో సీమపనస, పచ్చి బొప్పాయి, పిండి ఉండలు. రోడ్డు పక్కన కర్రల పొయ్యి మీద పెద్ద డేగిసా. కప్పు 15 ఈసీ, తోడు బన్ను. నేను రెండోది అడిగితే, "మీ దేశంలోనూ మేకలున్నాయా?" అంది ఆవిడ. ఉన్నాయి, తోక పైకే ఉంటుంది అన్నాను. ఆవిడ నవ్వి రెండో కప్పులో ఒక ఎముక ఎక్కువ వేసింది.

కడుపు నిండాక న్యూ రివర్ పాత చక్కెర మిల్లు. దీవిలో ఆఖరున మూతపడ్డవాటిలో ఇదొకటి. తుప్పు పట్టిన ఆవిరి యంత్రం, పళ్ళ చక్రాలు, రోలర్లు. ఇక్కడ నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. చెరకు నరికిన తర్వాత ఆలస్యం చేస్తే రసం పులుస్తుంది. అందుకే కోతల కాలంలో రాత్రీ పగలూ గానుగ ఆగదు. రసం పెద్ద పెనం నుంచి చిన్న పెనానికి మారుతూ చిక్కబడుతుంది, మధ్యలో సున్నం వేసి మురికి తీస్తారు. అన్నీ మా ఊరి పనులే. ఒకటి మాత్రం మా ఊరిది కాదు. ఆ కాలపు గానుగల దగ్గర గొడ్డలి సిద్ధంగా ఉంచేవారు. నిద్రమత్తులో చెరకు అందించే మనిషి చెయ్యి రోలర్ల మధ్యకి పోతే, మొత్తం మనిషి పోకముందే చెయ్యి నరకడానికి. మా ఆవిడ ఆ మాట విని బయటికి వెళ్ళి నిలబడింది.

కాటిల్ చర్చి శిథిలాలూ చూశాం. 1824లో కట్టింది, యజమాని, బానిసలు కలిసి ప్రార్థన చేసుకునేందుకట. బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ 1787లో పెళ్ళాడిన మాంట్‌పెలియర్ తోట ఇప్పుడు హోటలు. మెనూ చూసి, నీళ్ళు తాగి వచ్చేశాం. ఈ దీవిలో పాత తోటల బంగళాలు చాలావరకు ఇలా హోటళ్ళే. వెనక చక్కెర గాలిమర, ముందు ఈత కొలను. అందులో దిగిన వాళ్ళని తప్పు పట్టడం లేదు. పనిచేసేవాళ్ళకి జీతాలు అక్కణ్ణుంచే వస్తున్నాయి.

తిరుగు వ్యానులో ఐదు ఈసీ. చెవులు చిల్లులు పడేలా పాటలు. జులై చివర, ఆగస్టు మొదట్లో కల్చరామా పండగ, 1834 ఆగస్టు 1 విడుదల రోజుకి గుర్తుగా చేసుకుంటారు. బడి మైదానంలో పొడవాటి కర్రకాళ్ళ మీద పిల్లలు నడక నేర్చుకుంటున్నారు.

జులై 7, ఆదివారం – పిన్నీస్ బీచ్

మైళ్ళ పొడుగున కొబ్బరి చెట్లు, బూడిద కలిసిన బంగారు ఇసుక. పిన్నీ పేరు బోర్డుల మీద నాకు కనిపించింది ఇక్కడే. చర్చి నుంచి తెల్లబట్టల్లో వచ్చిన కుటుంబాలు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడుస్తున్నాయి. రిసార్టు ఒక పక్క, ఊరి గుడారాల కొట్లు ఒక పక్క. డ్రైవరుని భోజనానికి పిలిచాం, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కాల్చిన కోడి, జొన్నపొత్తు కాదు మొక్కజొన్న పొత్తు, చింతపండు ఉండలు. చక్కెరలో దొర్లించినవి. మా ఆవిడకి ఉప్పూ కారం కూడా ఉంటే బాగుండుననిపించి పెప్పర్ సాస్ అద్దుకుంది. కొట్టు ఆవిడ అది చూసి తనూ అద్దుకుని తింది.

మా వాడు బీచ్ పేరు మార్చాలన్నాడు. పీరో పేరు పెట్టండి, లేకపోతే నాన్సీ, షీబాల పేరు, వాళ్ళు ఇక్కడే ఉండిపోయారు కదా అని. డ్రైవరు ఒప్పుకోలేదు. పేరు తీసేస్తే రేపటి పిల్లలు పిన్నీ ఎవరని అడగడం కూడా మానేస్తారన్నాడు. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. నేను మా వాడి వైపే. బ్రిస్టల్ వంతెనకి పెట్టగలిగిన పేరు ఇక్కడ ఎందుకు పెట్టకూడదు?

కొట్టు ఆవిడ బొగ్గులు ఎగదోస్తూ మధ్యలోకొచ్చింది. "పేరు మార్చండి, మానండి. రోడ్డు నుంచి సముద్రానికి వచ్చే దారికి మాత్రం ఎవరూ గొలుసు వెయ్యకుండా చూడండి." ఇక్కడ బీచ్ అంతా ప్రజలదే, కానీ బీచ్‌కి చేరే నేల అందరిదీ కాదు. నా ఉద్యోగం సంగతి మా వాడు చెప్పాడో ఏమో, "మీ దేశంలో సముద్రపు ఒడ్డు ఎవరిది?" అని ఆవిడ నన్నడిగింది. పోరంబోకు గురించి, దారి హక్కు గురించి, భీమిలి వైపు ఒడ్డున కంచెల తగాదాల గురించి చెప్పాను. డ్రైవరు ఇసుకలో పుల్లతో తన అన్నదమ్ముల వాటాల గీతలు గీసి, సరిహద్దు రాయి ఎక్కడ పడాలో చెప్పమన్నాడు. పొత్తులు ఇంకో విడత కాల్చుకునేంతసేపు ఆ గీతల మీదే కూర్చున్నాం. నలుగురికి 130 ఈసీ అయింది, అందులో ఇరవై పెప్పర్ సాస్ సీసాకి.